ఆరు నిమిషాలు, ముప్ఫై ఏడేళ్లు

2006 సెప్టెంబరు 2. అఫ్గానిస్తాన్‌లో కాందహార్ దగ్గర ఆకాశంలో బ్రిటన్ వాయుసేన విమానం నిమ్రాడ్, నంబరు ఎక్స్‌వీ230. లోపల 14 మంది. కింద తాలిబన్లతో పోరు సాగుతోంది. పైనుంచి కనిపెట్టి చెప్పడం వీళ్ల పని. ట్యాంకర్ విమానం నుంచి గాలిలోనే ఇంధనం నింపుకుని విడివడి ఒకటిన్నర నిమిషం అయిందో లేదో, బాంబ్ బేలో మంట అంటూ హెచ్చరిక వెలిగింది. ఆ వెంటే పొగ హెచ్చరిక.

కెప్టెన్ విమానాన్ని కాందహార్ వైపు తిప్పాడు. సిబ్బంది చేయవలసినవన్నీ చేశారు. కానీ మంట పుట్టిన చోటు, కుడి రెక్క మొదట్లో ఉన్న ఇరుకు అర, ఎవరి చెయ్యీ చేరేది కాదు. అక్కడ మంట ఆర్పే ఏర్పాటూ లేదు. దాదాపు ఆరు నిమిషాలకు, ఆ దగ్గర్లో ఎగురుతున్న హారియర్ యుద్ధవిమానం పైలట్ కళ్లెదుటే విమానం పేలిపోయింది. ఎవరూ బతకలేదు.

ఆ అరలో ఏముంది? ఇంజన్ల నుంచి వేడి గాలి మోసే గొట్టం, దాదాపు 400 డిగ్రీలు. దాని పక్కనే ఇంధనం పైపులు. పొయ్యి పక్కన కిరసనాయిలు డబ్బా పెట్టినట్టు! గొట్టానికి చుట్టిన తొడుగులో సందులున్నాయి. ఇంధనం ట్యాంకు నుంచి పొర్లిందో, పాత అతుకు దగ్గర కారిందో, ఆ సందులోంచి గొట్టాన్ని తాకింది.

ఇది ఒక్కరోజులో వచ్చిన ముప్పు కాదు. కామెట్ ప్రయాణికుల విమానం నుంచి పుట్టిన నిమ్రాడ్ 1969లో సేవలో చేరింది. వేడి గొట్టం అప్పటిదే. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధం వచ్చిపడితే, గాలిలో ఇంధనం నింపుకునే ఏర్పాటు హడావుడిగా తగిలించారు. ఒక్కో మార్పు దేనికదే చూస్తే సబబే. అన్నీ కలిస్తే ఏమవుతుందని అడిగినవాళ్లు లేరు. 2004లో మరో నిమ్రాడ్‌లో వేడి గాలి గొట్టమే పగిలింది. ఆ హెచ్చరికా చాల్లేదు.

అడగవలసిన చోట అడిగారుగా అంటారా? 2001 నుంచి 2005 దాకా, విమానం భద్రమేనని ఆధారాలతో చూపవలసిన ‘సేఫ్టీ కేస్’ పత్రం తయారుచేశారు. బీఏఈ సిస్టమ్స్ సంస్థ రాసింది, రక్షణ శాఖ బృందం నడిపింది, క్వినెటిక్ సంస్థ స్వతంత్ర సలహాదారు. విచారణ జరిపిన న్యాయవాది చార్లెస్ హాడన్-కేవ్ 2009 అక్టోబరులో ఇచ్చిన నివేదిక చదివితే ఒళ్లు మండుతుంది. గుర్తించిన ముప్పుల్లో 40 శాతానికి పైగా తేల్చకుండా వదిలేశారు. సరిగ్గా ఈ మంట ముప్పునే ‘జరిగే అవకాశం దాదాపు లేదు’ అన్న గడిలో పడేశారు. ఇన్నేళ్లు ఎగిరింది కాబట్టి భద్రమే అని ముందే నమ్మి, ఆ నమ్మకానికి కాగితాలు పేర్చారు. నన్నడిగితే, తెలియకపోవడం కన్నా ఇదే పెద్ద నేరం. నివేదిక రక్షణ శాఖ ఖర్చుల కోతనూ తప్పుబట్టింది. ఆ రెండు సంస్థల్ని, పదిమంది వ్యక్తుల్ని పేర్లతో సహా వేలెత్తి చూపింది.

అంతకుముందే, 2008లో, ఈ మరణాలపై విచారణ జరిపిన కరోనర్ తేల్చారు: ఈ విమానాలు మొదటిరోజు నుంచే ఎగరదగినవి కావని.

ఈ రకం నిమ్రాడ్ (ఎంఆర్2) విమానాలు 2010 మార్చి 31న సేవ నుంచి తప్పుకున్నాయి. మరునాడే, ఏప్రిల్ 1న, బ్రిటన్‌లో సైనిక విమానయాన సాధికార సంస్థ మొదలైంది. దాని నిబంధనల ప్రకారం ఇప్పుడు అక్కడ ప్రతి సైనిక విమానం భద్రతకూ పేరుతో సహా నియమించిన ఒక అధికారి వ్యక్తిగతంగా జవాబుదారీ.