పంటి మూలకణాల నుండి నాడీకణాలు: ఒక పరిశోధన చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పంటి మూలకణాల పరిశోధన ఏయే దశల్లో సాగిందో కాలక్రమంలో వివరించగలుగుతారు.
• ప్రయోగశాలలో వచ్చిన ఫలితానికీ, రోగికి అందే చికిత్సకూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

బుగ్గారం, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల విద్యార్థులకు తాటిచెట్టు మీద నుండి పడి నడుము విరిగిన గీత కార్మికుల గురించి వేరే చెప్పనక్కర లేదు. చేతి ఎముక విరిగితే అతుక్కుంటుంది. వెన్నుపాము తెగితే మాత్రం కాళ్లు పడిపోతాయి, మనిషి మంచానికి పరిమితమవుతాడు. అటువంటి ఇంటివారికి ఎవరైనా మూలకణాలతో నడిపిస్తామని చెబితే, ఉన్న పొలం అమ్మి అయినా డబ్బు కట్టడానికి సిద్ధపడతారు. ఆ మాటలో ఎంత నిజముందో తూచుకోవాలంటే ఈ పరిశోధన ఎక్కడ మొదలై ఎంతవరకు వచ్చిందో తెలియాలి.

2. నాడులు తిరిగి పెరగవనే నిర్ధారణ

నాడీమండల నిర్మాణంపై చేసిన కృషికి 1906లో నోబెల్ బహుమతి పంచుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్, పెద్దవారి మెదడులోనూ వెన్నుపాములోనూ దెబ్బతిన్న నాడీమార్గాలు మళ్లీ ఏర్పడవని భావించారు. ఈ అభిప్రాయం దశాబ్దాల పాటు నిలిచింది. 1960లలో జోసెఫ్ ఆల్ట్‌మన్ ఎదిగిన ఎలుకల మెదడులో కొత్త నాడీకణాలు పుడుతున్నాయని చూపినా, దాన్ని చాలాకాలం ఎక్కువమంది పట్టించుకోలేదు.

అదే దశాబ్దంలో, 1961లో, కెనడాలోని టొరంటోలో టిల్, మెక్‌కల్లక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల ఎముక మజ్జలో రక్తకణాలను పుట్టించే మూలకణాలున్నాయని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. తనలాంటి కణాలను తయారుచేసుకుంటూనే, వేరే రకం కణాలుగా కూడా మారగలిగిన కణాన్ని మూలకణం అంటారు. ఇక మిగిలిన ప్రశ్న ఒకటే: నాడీకణాలుగా మారగల మూలకణాలు సులువుగా ఎక్కడ దొరుకుతాయి?

3. పన్నుకూ నాడికీ ఉన్న చుట్టరికం

పన్ను గట్టిది, నాడి మెత్తనిది. పైకి రెండింటికీ పొంతన కనబడదు. కాని పిండదశలో వాటికి చుట్టరికం ఉంది. 1868లో విల్‌హెల్మ్ హిస్ కోడి పిండంలో, నాడీగొట్టం పక్కన ఒక కణపట్టీని గుర్తించారు. తరువాత దానికి న్యూరల్ క్రెస్ట్ అనే పేరు స్థిరపడింది. ఇందులోని కణాలు పిండంలో వలస వెళ్లి కొన్నిచోట్ల నాడులుగాను, ముఖభాగంలో ఎముకగాను, పంటి లోపలి పల్ప్ అనే మెత్తని గుజ్జుగాను మారుతాయి. పల్ప్ కణాలను నాడీకణాలుగా మార్చవచ్చన్న ఆశకు ఆధారం ఇదే.

4. ముఖ్యమైన మైలురాళ్లు (2000–2012)

2000: అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేస్తున్న గ్రోంథోస్, షి బృందం తీసివేసిన జ్ఞానదంతాల పల్ప్ నుండి మూలకణాలను వేరుచేసింది. ఎలుకలలో నాటినప్పుడు అవి పంటిలోని డెంటిన్ వంటి పదార్థాన్ని తయారుచేశాయి.

2003: ఊడిన పాలపన్నును ఇంటికప్పు మీదికి విసరడం మన అలవాటు. అటువంటి పాలపళ్లలోనూ చురుకైన మూలకణాలున్నాయని మియురా, షి బృందం ప్రకటించింది. ఎలుక మెదడులో ప్రవేశపెట్టినప్పుడు అవి బతికి, నాడీకణాల గుర్తులను చూపాయి.

2008: ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఆర్థర్, గ్రోంథోస్ బృందం మరో మెట్టు ఎక్కింది. తగిన పోషక ద్రవంలో పెంచిన పల్ప్ కణాలు ఆకారంలో నాడీకణాలను పోలడమే కాక, నాడీకణాలలో ఉండే సోడియం విద్యుత్ ప్రవాహాలను కూడా చూపాయి. రూపం ఒకటే సరిపోదు, నాడి తన పనిని విద్యుత్ సంకేతాలతో చేయాలి. ఈ ప్రయోగం ప్రాముఖ్యం అక్కడే ఉంది.

2012: జపాన్‌లోని నగోయాలో సకాయి, యమమోతో, ఉఎదా బృందం వెన్నుపామును పూర్తిగా తెంపిన ఎలుకలలో పంటి మూలకణాలను నాటింది. వాటి వెనుకకాళ్లలో కొంత కదలిక తిరిగి వచ్చింది. ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. నాటిన కణాలు ప్రధానంగా కొత్త నాడీకణాలుగా మారలేదు. నాడులపై తొడుగును తయారుచేసే ఆలిగోడెండ్రోసైట్లుగా మారాయి. దానితోపాటు, ఉన్న కణాలు చనిపోకుండా కాపాడే, తెగిన నాడీతంతువులు పెరగడానికి తోడ్పడే పదార్థాలను స్రవించాయి. దీనితో పరిశోధకుల చూపు కొంత మారింది. పోయిన నాడికి బదులు కొత్తది పెట్టడంతోపాటు, మిగిలిన నాడిని కాపాడడం కూడా ఒక లక్ష్యమైంది.

5. హైదరాబాద్ అనుభవం: ఒక పోలిక

మూలకణాలు ప్రయోగశాల దాటి రోగిని చేరిన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. సున్నం, ఆమ్లాలు పడి నల్లగుడ్డు పైపొర దెబ్బతిన్నవారికి హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుండి లింబల్ మూలకణాలతో చికిత్స చేస్తోంది. నల్లగుడ్డు అంచులో ఉండే ఈ కణాలను ఆరోగ్యంగా ఉన్న కంటి నుండి తీసుకుంటారు.

కంటి విషయంలో సాధ్యమైనది వెన్నుపాము విషయంలో ఎందుకు ఆలస్యమవుతోంది? కంటి మూలకణం పుట్టుకతో వచ్చిన తన పనినే మరొక కంటిలో చేస్తుంది. పంటి మూలకణం కొత్త పని నేర్చుకోవాలి. నేర్చుకున్నా, సరైన దారిలో పెరిగి సరైన కండరంతో సంబంధం కలుపుకోవాలి. పైగా నల్లగుడ్డు కంటికి కనబడే పలుచని పొర, వెన్నుపాము లెక్కలేనన్ని దారుల కూడలి.

6. నియమాలు, జాగ్రత్తలు

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో జాతీయ మార్గదర్శకాలను విడుదల చేశాయి. వాటి ప్రకారం, రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి వంటి ఆమోదం పొందిన చికిత్సలు తప్ప, మిగిలినవి అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్స్‌లోనే జరగాలి. బ్యాంకులలో దాచడానికి బొడ్డుతాడు రక్తానికే అనుమతి ఉంది, పంటి కణాలకు లేదు. కనుక ఎవరైనా ఇటువంటి చికిత్స చేస్తామంటే, ఆ ట్రయల్ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదైందా, నీతి సంఘం అనుమతి ఉందా అని అడిగి తెలుసుకోవాలి.

7. సారాంశం

నాడులు తిరిగి పెరగవన్న నిర్ధారణతో మొదలైన ఈ చరిత్ర, ఎలుక వెనుకకాళ్లలో వచ్చిన కదలిక దాకా సాగింది. ఇది చిన్న విజయం కాదు. అయితే గాజుపళ్లెంలో నాడీకణంలా కనబడడం, ఎలుకలో మేలు జరగడం, మనిషికి నయం కావడం మూడు వేరువేరు మెట్లు. మొదటి రెండింటిని చూపి మూడవదానికి ధర చెప్పేవారిని గుర్తుపట్టడానికి ఈ పాఠం ఉపయోగపడాలి.

మాదిరి ప్రశ్నలు

1. పంటి పల్ప్‌కూ నాడీమండలానికీ పిండదశలో ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. 2008, 2012 ప్రయోగాల ఫలితాలను పోల్చండి.
3. లింబల్ మూలకణ చికిత్స ముందుగా రోగులకు అందడానికి కారణాలను చర్చించండి.