సరిహద్దు మీది ఆకాశం: పావగడ తాలూకా తెలుగువారూ, ఉపగ్రహ టెలివిజనూ

కర్ణాటక పటంలో తుమకూరు జిల్లాను వెతికితే, ఉత్తరాన ఆంధ్రప్రదేశ్‌లోకి చొచ్చుకుపోయిన ఒక ముక్క కనిపిస్తుంది. అది పావగడ తాలూకా. మూడు వైపులా ఆంధ్ర నేల. పడమట మాత్రం చిత్రదుర్గం జిల్లా. దక్షిణాన మడకశిర, తూర్పున పెనుకొండ, ఉత్తరాన కల్యాణదుర్గం. ఊరి పేరుకు పాముకొండ అని అర్థం చెబుతారు. పాత కన్నడంలో పావు, తెలుగులో పాము. పేరులోనే రెండు భాషలూ పక్కపక్కన కూర్చున్నాయి.

ఈ సరిహద్దు భాషను చూసి గీసినది కాదు. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయి టిప్పు మరణించాక మైసూరు రాజ్యం మళ్ళీ ఒడయార్ల చేతికి వచ్చింది. మరుసటి సంవత్సరం, 1800లో, నిజాం తన వాటాకు వచ్చిన సీమను కంపెనీకి దత్తం చేశాడు. అలా ఒక పక్క మైసూరు సంస్థానం, మరొక పక్క మద్రాసు రాజధాని ఏర్పడ్డాయి. రెండు పక్కలా అదే ఎర్రనేల, అదే వేరుశనగ, అదే మాట. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చినప్పుడు బళ్ళారి గురించి జరిగినంత వాదం పావగడ గురించి జరగలేదు. పాత మైసూరు తాలూకా కనుక కొత్త మైసూరులోనే ఉండిపోయింది. దాని ఫలితం మన విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసినది. ఇక్కడి తెలుగు కుటుంబాలలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అర్జీ రాయడం, పత్రిక చదవడం కన్నడంలో. జగడం, జోలపాట తెలుగులో. మాట ఉండి లిపి లేని తెలుగు ఇది. అందుకే ఈ తాలూకాలో పుస్తకం చేయలేని పని టెలివిజన్ చేయగలిగింది. టెలివిజన్‌కు అక్షరం అక్కరలేదు.

ఉపగ్రహం ద్వారా తెలుగు మాట మొదటిసారి పల్లెలకు దిగింది 1975లో. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం పాటు భారతదేశానికి ఇచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఆరు రాష్ట్రాలలోని దాదాపు 2,400 గ్రామాలకు పాఠాలు, వ్యవసాయం, ఆరోగ్యం మీద కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఆ ఆరింటిలో ఉన్నాయి. కర్ణాటకలో ఎంపికైనవి ఉత్తరాది జిల్లాలు కనుక పావగడకు ఆ పెట్టెలు రాలేదు. అయినా ఒక్క సంగతి చెప్పుకోవాలి. ఆ ఉపగ్రహం ఒక బొమ్మతో పాటు రెండు ధ్వని మార్గాలను మోయగలదు. ఒకే బొమ్మకు ఒక మార్గంలో తెలుగు, ఇంకొక మార్గంలో కన్నడం పంపవచ్చు. తెలుగు, కన్నడ కార్యక్రమాలు తయారైన కేంద్రం కూడా హైదరాబాదే. ఉపగ్రహ టెలివిజన్ పుట్టుకలోనే ఈ రెండు భాషలనూ జంటగా చూసిందన్నమాట. ఆ జంటను తరువాత వచ్చిన ప్రసార వ్యవస్థ విడదీసింది.

ఎలాగంటే, హైదరాబాదు దూరదర్శన్ 1977లోనూ, బెంగళూరు దూరదర్శన్ 1981లోనూ మొదలయ్యాయి. రెండూ రాష్ట్ర రాజధానులే. భూమి మీది ప్రసారిణికి ఒక హద్దు ఉంటుంది. చిన్న ప్రసారిణి శక్తి పాతిక కిలోమీటర్ల లోపే. పెద్దదయినా నూరు కిలోమీటర్లకు అటూఇటూ. ఏ ఊరికి ఏ ప్రసారిణి, ఆ ప్రసారిణి ఏ రాజధానిని అందుకోవాలి అనేది పరిపాలనా పటాన్ని బట్టే నిర్ణయమయ్యేది. ఇంటి కప్పు మీద గొట్టాల యాంటెనాను తిప్పుతూ, కింద ఉన్నవాళ్ళను "వచ్చిందా?" అని కేకవేసి అడిగిన తరం సరిహద్దు ఊళ్ళన్నిటిలోనూ ఉంది. ఏ దిక్కుకు తిప్పితే ఏ భాష వస్తుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదేమో.

1990ల తొలి సంవత్సరాలలో పరిస్థితి మారింది. 1991లో హాంకాంగ్ నుంచి స్టార్, 1992లో జీ, 1993లో తమిళ సన్, 1994లో కన్నడ ఉదయ, 1995లో తెలుగు జెమిని, అదే సంవత్సరం ఆగస్టు 27న ఈటీవీ. అప్పట్లో ప్రైవేటు చానెళ్ళు మన దేశపు నేల మీద నుంచి ఉపగ్రహానికి సంకేతం పంపడానికి అనుమతి లేదు. కనుక మనదేశంలో చిత్రించిన కార్యక్రమాల టేపులు విమానమెక్కి పరదేశానికి పోయి, అక్కడి నుంచి ఆకాశానికి ఎగిరి, మళ్ళీ మన ఊరికి దిగేవి. ఇంటి మాట వినడానికి దేశాల సరిహద్దు దాటిరావలసిన విచిత్రం అది. పావగడ మనిషికి మాత్రం ఈ చుట్టుదారి వల్ల మేలే జరిగింది. ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి మడకశిర వేరు, పావగడ వేరు కాదు. ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల పెద్ద డిష్ పెట్టుకున్న కేబుల్ ఆపరేటర్ తెలుగునూ, కన్నడాన్నీ ఒకే తీగలో ఇంటింటికీ ఇవ్వగలిగాడు. ఊరికి ఏ భాష కావాలో తేల్చవలసిన పని రాజధాని చేతి నుంచి వీధిలోని మనిషి చేతికి వచ్చింది.

చట్టం మాత్రం పాత చూపుతోనే వచ్చింది. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం దూరదర్శన్ చానెళ్ళను తప్పనిసరి చేసింది. 2000లో జరిగిన సవరణ దానికి రాష్ట్రపు ప్రాంతీయ భాషా చానెల్‌ను కూడా చేర్చింది. రాష్ట్రానికి ఒక భాష అనే లెక్క అది. కర్ణాటకలో ఆ లెక్క ప్రకారం వచ్చేది చందన. చందన రావడం తప్పు కాదు, రావలసిందే. కానీ 2011 జనగణన ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు నూటికి దాదాపు ఆరుగురు, అంటే సుమారు 35 లక్షల మంది. 2000 నాటి తప్పనిసరి జాబితాలో వారి మాట లేదు. గిరాకీ ఉంది కనుక బతికింది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా చిన్నది కాదని నా అభిప్రాయం.

ఇక్కడ సినిమా సంగతి కొంచెం చెప్పక తప్పదు. 1960ల నుంచి కన్నడ చిత్రసీమ ఇతర భాషల చిత్రాలను కన్నడంలోకి అనువదించి విడుదల చేయడాన్ని అడ్డుకుంది. కన్నడ నటులకు, సాంకేతిక నిపుణులకు పని పోతుందన్న భయం దాని వెనక ఉంది. ఆ భయాన్ని తేలికగా తీసిపారేయలేం. టెలివిజన్‌కూ అదే కట్టుబాటు పాకింది. 2015లో భారత పోటీ సంఘం ఆ కట్టుబాటును తప్పుపట్టింది. అంతవరకూ తెలుగు చిత్రం తెలుగు మాటతోనే కర్ణాటకలోకి వచ్చింది. కన్నడాన్ని కాపాడడానికి పెట్టిన అడ్డుకట్ట సరిహద్దు తాలూకాలలో తెలుగును తెలుగుగానే నిలపడానికి తోడ్పడింది! అడ్డుకట్ట పెట్టినవారు ఇది ఊహించి ఉండరు.

ఇంటికే నేరుగా ఉపగ్రహ ప్రసారం అందించే డీటీహెచ్ పద్ధతిని ప్రభుత్వం 1997లో నిషేధించి, 2000 నవంబరులో అనుమతించింది. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి ఉచిత సేవ, 2006లో టాటా స్కై, తరువాత సన్ డైరెక్ట్ వచ్చాయి. రెండడుగుల పళ్ళెం, ఒక పెట్టె, అందులో ఒక కార్డు. ఈ కార్డే అసలైన కొత్తదనం. సంకేతం అందరి కప్పుల మీదా పడుతుంది, తాళంచెవి మాత్రం చందా కట్టినవాడి చేతిలో ఉంటుంది. కేబుల్ తీగను ఎవరైనా ఆపవచ్చు. 2014లో తెలంగాణలో కేబుల్ నిర్వాహకులు రెండు తెలుగు వార్తా చానెళ్ళను నిలిపివేసినప్పుడు డిష్ ఉన్న ఇళ్ళలో అవి వస్తూనే ఉన్నాయి.

పావగడలో రాష్ట్రాల గీత దాటిన ఈ సంకేతమే ఇతరచోట్ల దేశాల గీతను దాటింది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన కూలీలు, మేస్త్రీలు భారతదేశపు డీటీహెచ్ పెట్టెలను సామానులో కట్టుకుపోయారు. అక్కడ పెద్ద డిష్ పెట్టి పట్టుకునేవారు. చందా సొమ్ము ఊళ్ళో తమ్ముడో బావమరిదో కట్టేవాడు. లైసెన్సు భారతదేశం వరకే కనుక అది నిబంధనకు విరుద్ధమే. పాకిస్తాన్‌లోనూ ఇటువంటి పెట్టెలు విరివిగా అమ్ముడుపోయి, 2016లో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ వాటిపై దాడులు చేయించింది. అమెరికాలోని మనవాళ్ళకు ఈ చిక్కు లేదు. అక్కడి డిష్ నెట్‌వర్క్ తెలుగు చానెళ్ళను చట్టబద్ధంగా కట్టగట్టి అమ్మింది. పరదేశంలో ఉన్న తెలుగు విద్యార్థి ఒక సంగతి ఆలోచించాలి. దుబాయి కూలీకి చందా రసీదు మీద అబద్ధపు చిరునామా కావలసి వచ్చింది. పావగడ రైతుకు చిరునామా నిజమైనదే, కానీ ఆ చిరునామా ఉన్న రాష్ట్రం గురించి అతడు పెట్టిన చానెల్ మాట్లాడదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తెలుగు వార్తలు మాత్రమే చూసే ఇంటికి హైదరాబాదు, అమరావతి రాజకీయాలు క్షుణ్ణంగా తెలుస్తాయి. తమకు వర్తించే పథకం బెంగళూరులో ప్రకటిస్తారు. 2010ల చివర్లో తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్ళలో పదమూడు వేల ఎకరాలు కౌలుకు తీసుకుని రెండు వేల మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రం కట్టారు. కౌలు ఒప్పందం, దాని షరతులు కర్ణాటక ప్రభుత్వపు వ్యవహారం. పొలాన్ని కౌలుకిచ్చే మనిషికి ఆ వార్త ఏ భాషలో, ఏ రాజధాని నుంచి అందుతుందనేది వినోదం ప్రశ్న కాదు.

భాష మీద పడిన ముద్ర కూడా రెండు రకాలుగా ఉంది. ఈ సీమలో వేరుశనగను బుడ్డలంటారు. టెలివిజన్ పల్లీలంటుంది. పిల్లలు రెండోదాన్ని నాగరికమనుకుంటారు. తీరాంధ్ర యాసతో పోల్చుకుని తమది "సరైన తెలుగు కాదు" అని సరిహద్దువారు సిగ్గుపడడం మొదలుపెట్టడానికి ఈ చానెళ్ళూ ఒక కారణమనే అనుకుంటాను. కానీ అదే తెర మీద కదిలే అక్షరాలను, కన్నడ లిపి వచ్చిన పిల్లవాడు తలకట్టు తేడా పోల్చుకుని, కూడబలుక్కుని చదవగలడు. రెండు లిపులూ ఒక్క తల్లి బిడ్డలు. తెలుగు బడి లేని చోట ఆ మాత్రం చదువు కూడా తక్కువదేం కాదు.

2019 ఫిబ్రవరిలో కొత్త ధరల పద్ధతి వచ్చింది. అప్పటి లెక్కలో నూరు చానెళ్ళ దాకా 130 రూపాయలు, దాని మీద పన్ను. ఆపైన చందా చానెళ్ళను వీక్షకుడే ఒక్కొక్కటిగానో కట్టగానో ఎంచుకోవాలి. కట్టలో చేరే చానెల్‌కు 19 రూపాయలకు మించి ధర పెట్టరాదని అప్పటి నియమం. ఒక భాష ఇంటికి ఒక భాష ఖర్చు. సీరియల్ తెలుగులోనూ వార్తలు కన్నడంలోనూ కావాలనే పావగడ ఇంటికి రెండు భాషల ఖర్చు. అంతకు ముందు కేబుల్ మనిషి అడగకుండానే రెండూ ఇచ్చేవాడు. ఇప్పుడు జాబితా ముందుపెట్టి ఏది కావాలో చెప్పమన్నారు.