వాన కోసం అడవిని కాల్చమన్న పెద్దమనిషి



ఎక్కడైనా అడవి తగలబడి ఊళ్లు కాలిపోయాయని వార్త వస్తే చాలు, మర్నాటికల్లా మన ఫోన్లలోకి రెండు రకాల మెసేజీలు వస్తాయి. ఆ దేశం చేసిన పాపానికి ఇది దేవుని తీర్పు అని ఒకటి. ప్రభుత్వాలే విమానాలతో మేఘాలను మాయం చేసి, కావాలని కరువు తెప్పించి కాల్చాయని ఇంకొకటి. ఒక్కోసారి ఒకే మనిషి పొద్దున అదీ, సాయంత్రం ఇదీ పంపుతాడు. రెండింటి కిందా ఆమెన్ అని రాసేవాళ్లు కూడా మన గుంపుల్లోనే ఉన్నారు.

ఈ రెండు మాటలూ కొత్తవి కావు. నూట యాభై ఏళ్ల క్రితం అమెరికాలో ఒక కరువు ఏడాది, ఒక ఆదివారం రాత్రి, ఈ రెండూ ఎదురెదురుపడ్డాయి. ఆ కథ మన భాషలో పెద్దగా ఎవరూ చెప్పలేదు గనుక ఈసారి అదే రాస్తున్నాం.

ముందుగా జేమ్స్ ఎస్పీ అనే ఆయన గురించి చెప్పుకోవాలి. 1785లో పుట్టాడు. మంత్రగాడు కాడు, మోసగాడూ కాడు. తుఫానులు ఎలా పుడతాయో జీవితమంతా కూర్చుని ఆలోచించిన పండితుడు. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, పైకి పోయేకొద్దీ వ్యాకోచించి చల్లబడుతుంది, అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారుతుంది, అలా మారేటప్పుడు మళ్లీ వేడి పుట్టి గాలిని ఇంకా పైకి నెడుతుంది. మేఘం పుట్టుక ఇదీ అని ఆయన చెప్పాడు. ఇది నిజమే. నేటికీ పిల్లలకు బడిలో చెప్పే పాఠానికి మూలం ఇదే. 1841లో ఆయన దీన్ని పెద్ద పుస్తకంగా అచ్చువేయించాడు. జనం ఆయనను 'తుఫానుల రాజు' అని పిలిచేవారు.

అక్కడితో ఆగితే బాగుండేది. గాలి వేడెక్కితే మేఘం పుడుతుంది కదా, మరి మనమే గాలిని వేడెక్కిస్తే? దేశానికి పడమటి వైపున, ఉత్తరం నుంచి దక్షిణానికి ఆరేడు వందల మైళ్ల పొడవున, ప్రతి ఇరవై మైళ్లకు నలభై ఎకరాల కలపను సిద్ధం చేసి, వేసవిలో ఏడు రోజులకోసారి అన్నిటికీ ఒకేసారి నిప్పు పెట్టాలని 1845లో ఆయన బహిరంగంగా ప్రతిపాదించాడు. అలా చేస్తే తూర్పు వైపు దేశమంతా వారం వారం వాన పడుతుందట, కరువు ఉండదట, వడగాలి ఉండదట. ప్రభుత్వం డబ్బివ్వలేదు. దేవునికి స్తోత్రం.

ఖాళీ కుండను పొయ్యి మీద పెడితే ఆవిరి రాదని మన ఇళ్లలో ప్రతి అమ్మకూ తెలుసు. ఆకాశంలో తేమ లేని కరువు రోజుల్లో ఎన్ని ఎకరాలు కాల్చినా అంతే. పెద్ద కార్చిచ్చుల మీద ఒక్కోసారి నిజంగానే మేఘం కడుతుంది, ఎస్పీ ఆ మాట తప్పు చెప్పలేదు. అయితే ఆ మేఘం నుంచి వానకన్నా పిడుగులే ఎక్కువగా పడి, కొత్త చోట మళ్లీ నిప్పు రాజేయడం ఈ కాలంలో ఆస్ట్రేలియావాళ్లు, కెనడావాళ్లు కళ్లారా చూశారు.

ఎస్పీ 1860లో చనిపోయాడు. ఆయన అడిగిన నిప్పు పదకొండేళ్ల తరువాత, ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే రాజుకుంది.

విస్కాన్సిన్ రాష్ట్రంలో గ్రీన్ బే అనే సరస్సు పాయకు దగ్గరలో పెష్టిగో అనే ఊరు. దాదాపు 1,700 మంది జనం. ఊరి మధ్యగా నది, నది మీద చెక్క వంతెన. చుట్టూ పైన్ అడవి. ఊరికి బతుకు ఆ అడవే. కోత మిల్లు, చెక్క బక్కెట్లూ తొట్లూ చేసే ఫ్యాక్టరీ. ఇళ్లు చెక్క, నడిచే దారి చెక్క, వీధుల్లో పరిచింది రంపపు పొట్టు. అడవి నరికేవాళ్లు దుంగలు పట్టుకుపోయి కొమ్మా రెమ్మా అక్కడే వదిలేసేవారు. కొత్తగా వచ్చిన రైతులు పొలం చేసుకోవడానికి వాటికి నిప్పు పెట్టేవారు. మన ఏజెన్సీలో పోడు చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కాకపోతే పోడు కొట్టే గిరిజనుడు తన నిప్పు దగ్గర కాపలా ఉంటాడు. ఇక్కడ రైలు దారి వేసే కూలీలు, వేటగాళ్లు, రైతులు ఎవరి దారిన వాళ్లు నిప్పును వదిలి వెళ్లిపోయేవారు. మామూలు ఏళ్లలో వాన వచ్చి ఆర్పేది. 1871 వేసవిలో వాన దాదాపు లేదు. చిత్తడి నేలలు ఎండి, వాటి అడుగున మట్టి కూడా లోలోపల కాలింది.

హెచ్చరించినవాడు లేడా? ఉన్నాడు. ఇంక్రీస్ లాఫమ్ అనే శాస్త్రవేత్త 1867లోనే, ఈ రాష్ట్రంలో అడవులను ఇంత వేగంగా నాశనం చేస్తే ఏ అనర్థాలు వస్తాయో చెబుతూ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. ఆయన పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

పెష్టిగోకు ఒక కాపరి ఉన్నాడు, ఫాదర్ పీటర్ పెర్నిన్ అనే కతోలిక గురువు. పక్కనే ఉన్న మారినెట్ ఊరి సంఘం కూడా ఆయనదే. సెప్టెంబరులోనే ఒకసారి పన్నెండేళ్ల పిల్లవాడితో అడవికి వెళ్లి నిప్పుల మధ్య చిక్కుకుంటే, ఊరివాళ్లు కొమ్మలతో మంటలు కొట్టి దారి చేసి బయటకు తెచ్చారు. అక్టోబరు 8, ఆదివారం సాయంత్రం ఆయనకు ఏదో కీడు తోచింది. తోటలోని ఇసుక నేలలో గొయ్యి తవ్వి పుస్తకాలు, పెట్టెలు, గుడి వస్తువులు పూడ్చాడు. పడమటి ఆకాశం ఎర్రబడింది. దూరంగా రైలు వస్తున్నట్టు మోత. గుర్రాన్ని విడిచిపెట్టాడు. ప్రభు భోజనపు అప్పాన్ని భద్రపరిచే పెట్టె ఒకటి కతోలికుల గుళ్లలో ఉంటుంది, దివ్యమందసం అంటారు. దాన్ని తెరవబోతే తాళంచెవి జారి పడింది. వెదికే సమయం లేదు. పెట్టెను పెట్టెగానే బండిలో వేసుకుని, తానే లాక్కుంటూ నది వైపు బయలుదేరాడు.

వంతెన మీద ఈ ఒడ్డువాళ్లు ఆ ఒడ్డుకు, ఆ ఒడ్డువాళ్లు ఈ ఒడ్డుకు పరుగెత్తుతున్నారు. అవతల క్షేమం అని ఇరువైపులవాళ్లూ అనుకున్నారు. ఆ వంతెన కూడా కాలింది. పెర్నిన్ బండిని నీళ్లలోకి తోసి, ఒడ్డున కదలకుండా నిలబడిపోయినవాళ్లను కూడా నీళ్లలోకి నెట్టాడు. రాత్రి పది గంటల నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా నదిలోనే. తల బయట పెడితే కాలుతుంది, నీళ్లలో ఉంటే చలికి ప్రాణం పోతుంది. తడిగుడ్డ నెత్తిన కప్పుకుని, పక్కవాళ్ల తలల మీద చేతులతో నీళ్లు చల్లుతూ గడిపాడు. తెల్లారేసరికి ఊరు లేదు. పెష్టిగోలో గుడి పోయింది, మారినెట్‌లో గుడి కూడా పోయింది.

ఆ కార్చిచ్చులో కాలిన నేల దాదాపు 12 లక్షల ఎకరాలు. చనిపోయినవాళ్లు 1,200 నుంచి 2,500 మధ్య అని అంచనా. ఊరి రికార్డులు కూడా కాలిపోయాయి గనుక సరైన లెక్క ఎప్పటికీ రాదు. గుర్తుపట్టలేని సుమారు 350 శవాలను ఒకే గోతిలో పూడ్చారు. అమెరికా చరిత్రలో ఇంతమందిని చంపిన కార్చిచ్చు మరొకటి లేదు. అయినా లోకం చెప్పుకునేది చికాగో గురించే, ఎందుకంటే అదే రాత్రి చికాగో నగరం కూడా తగలబడింది, అక్కడ పత్రికలున్నాయి. విస్కాన్సిన్ గవర్నరు కూడా చికాగోకు సాయం చేయడానికే వెళ్లాడు. పెష్టిగో కబురు రాజధానికి చేరినప్పుడు ఇంట్లో ఉన్నది ఆయన భార్య ఫ్రాన్సెస్ ఫెయిర్‌చైల్డ్. చికాగోకు వెళ్లాల్సిన సరుకుల రైలు పెట్టెను ఆమె ఉత్తరానికి మళ్లించింది. అందులో దుప్పట్లు లేవని గమనించి ఊళ్లో ఆడవాళ్ల దగ్గర పోగుచేసి మరీ పంపింది. ఆమెకు ఏ అధికారమూ లేదు.

ఇప్పుడు మళ్లీ ఎస్పీ మాట. ఆయన అడిగిన దానికన్నా ఎన్నో రెట్ల అడవి ఒక్క రాత్రి కాలింది కదా, వాన వచ్చిందా? చికాగోలో చిన్న వాన పడింది. 'చూశారా, మంటే వానను తెచ్చింది' అన్నవాళ్లు అప్పుడు చాలామందే ఉన్నారు. దానికి జవాబు చెప్పింది లాఫమే. నగరం ఇరవై నాలుగు గంటలు కాలినా చుక్క పడలేదనీ, మర్నాడు తెల్లవారుజామున పడింది మెల్లని వాన అనీ, అది చికాగో ఒక్కచోటే కాక చుట్టూ పెద్ద ప్రాంతమంతా పడిందనీ రాశాడు. అంటే అది మంట తెచ్చిన వాన కాదు, రావలసిన వాన. ఇలా లెక్క చూసి మాట్లాడేవాళ్లు ప్రతి తరానికీ కొద్దిమందే దొరుకుతారు.

ఆశ మాత్రం చావలేదు. అదే 1871లో, అదే చికాగోలో, ఎడ్వర్డ్ పవర్స్ అనే ఇంజనీరు యుద్ధాల్లో ఫిరంగుల మోతకే వానలు పడ్డాయని పుస్తకం వేశాడు. దాన్ని నమ్మిన అమెరికా పార్లమెంటు ఇరవై ఏళ్ల తరువాత 9,000 డాలర్లు మంజూరు చేసింది. రాబర్ట్ డైరెన్‌ఫోర్త్ అనే న్యాయవాది 1891లో టెక్సాస్ ఎడారి పక్కకు వెళ్లి గాలిపటాలకు డైనమైట్ కట్టి పేల్చాడు. ఆయన పేరును జనం కొంచెం మార్చి, 'ఇక మీదట ఎండే' అనే అర్థం వచ్చేలా పిలిచారు. మన ఊళ్లలో వాన కోసం కప్పతల్లిని ఊరేగిస్తే, విరాటపర్వం చదివిస్తే చదువుకున్నవాళ్లు నవ్వుతారు. డైనమైట్ గాలిపటానికి ప్రభుత్వ ఖజానా తెరిచినవాళ్లంతా చదువుకున్నవాళ్లే.

తరువాత కుట్టుమిషన్లు అమ్ముకునే చార్లెస్ హాట్‌ఫీల్డ్. శాన్ డియెగో నగరం మొరేనా జలాశయం నింపితే 10,000 డాలర్లు ఇస్తానని ఆయనతో నోటిమాట ఒప్పందం చేసుకుంది. ఆయన ఒక మంచె కట్టి, ఏవేవో రసాయనాలు ఆవిరి పట్టాడు. 1916 జనవరిలో కుండపోత. జనవరి 27న కింది ఓటే ఆనకట్ట తెగి మనుషులు కొట్టుకుపోయారు. ఆయన నడిచి వచ్చి డబ్బు అడిగాడు. ముందు 35 లక్షల డాలర్ల నష్టపరిహారం నీ నెత్తిన వేసుకో, తరువాత ఇస్తామంది నగరం. వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచింది. చివరకు ఆ వాన 'దేవుని చర్య' అని తేలింది. డబ్బు చెల్లించాల్సిన రోజున దేవుడు ఎంత త్వరగా గుర్తొస్తాడో చూడండి.

నిజమైన మలుపు 1946లో. విన్సెంట్ షేఫర్ అనే ఆయన నవంబరు 13న విమానం ఎక్కి మేఘంలో డ్రై ఐస్ చల్లితే మంచు రాలింది. మన ప్రభుత్వాలు అనంతపురం లాంటి కరువు జిల్లాల్లో చేయించిన మేఘమథనానికి మూలం అదే. మరుసటి ఏడాది అక్టోబరులో అమెరికా ఈశాన్య మూలన మెయిన్ రాష్ట్రం కరువుతో ఎండి కార్చిచ్చుల్లో కాలుతుంటే, ఆ పరిశోధకులు మేఘాలు వెదికి మరీ చల్లారు. వాన పడింది గానీ అది అప్పటికే రాబోతున్నది గనుక తమదని చెప్పుకోలేకపోయారు. అదే నెలలో ఒక తుఫానులో చల్లితే అది తిరిగి సవానా నగరం మీద పడింది. మలుపు చల్లకముందే మొదలైందని తరువాత తేలింది గానీ, తిట్లు మాత్రం తప్పలేదు. 1967 నుంచి 1972 దాకా అమెరికా సైన్యం వియత్నాం యుద్ధంలో శత్రువుల దారులు బురద చేయడానికి రహస్యంగా మేఘాల్లో చల్లింది. ఆ తరువాతే వాతావరణాన్ని ఆయుధంగా వాడకూడదనే అంతర్జాతీయ ఒప్పందం 1978లో అమల్లోకి వచ్చింది. కాబట్టి రెండో మెసేజీ పంపేవాళ్ల భయం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. అయితే ఏ విమానమైనా ఉన్న మేఘాన్ని కొంచెం పిండగలదు, లేని మేఘాన్ని పుట్టించలేదు. ఏలీయా కూడా తన పనివాణ్ణి సముద్రం వైపు ఏడుసార్లు పంపింది మేఘం ఉందేమో చూడమనే.

ఇక మొదటి మెసేజీ. సిలోయములో గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది గురించి ప్రభువు ఏమన్నాడో లూకా 13లో ఉంది, మీరే తీసి చదవండి. పెర్నిన్ 1874లో మాంట్రియల్‌లో అచ్చువేయించిన పుస్తకానికి పెట్టిన పేరు 'దేవుని వ్రేలు అక్కడ ఉంది' అని. పేరు చూసి ఇది తీర్పు గురించిన ప్రసంగమే అనుకున్నాం. తెరిస్తే మొదటి పుటల్లోనే వేటగాడు వదిలిన నిప్పు, రైతు కాల్చిన చెత్త, రైలు కూలీలు పోగేసిన కొమ్మలు, పడని వాన, ఒక్కొక్కటీ వివరంగా రాశాడు. చనిపోయినవాళ్లు ఆయన సంఘస్తులు. వాళ్లెలాంటివాళ్లో ఆయనకు తెలుసు.

మూడు రోజుల తరువాత ఆ మందసం నదిలో ఒక దుంగ మీద దొరికింది, కాలకుండా, తెల్లగా. ఆయన కళ్లు పొగకు దెబ్బతిని అప్పటికి సరిగా కనిపించడం లేదు. పుస్తకం అమ్మగా వచ్చిన డబ్బు మారినెట్‌లో కొత్త గుడి కట్టడానికని రాశాడు.