రాతి మీద ఉద్యోగ ప్రకటన

ఉద్యోగం పురుష లక్షణం అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో ఆడపిల్ల ఉద్యోగం చేస్తానంటే ఎవరూ కాదనరు. కానీ చదివింది ఒకటీ, చేసేది ఒకటీ అయితే మాత్రం ఇంటిల్లిపాదికీ తలనొప్పే! లెక్కలు చదివితే లెక్కలే చెప్పాలి, కామర్సు చదివితే బ్యాంకులోనే కూర్చోవాలి. మధ్యలో దారి మారిందా, "పాపం, అక్కడ దొరక్క ఇక్కడ చేరింది" అని చుట్టాలు జాలిపడతారు. ఉద్యోగం లేకపోయినా ఫరవాలేదు గానీ ఆ జాలి భరించడం కష్టం.

మా మేనకోడలు లెక్కలతో బి.యస్సీ. ప్యాసయింది. ఇక బి.ఇడి. చేసి కోవెలకుంట్లలోనే ఏదో బడిలో చేరిపోతుందని మా వదిన ధీమాగా ఉంది. ఆ పిల్ల చడీచప్పుడూ లేకుండా ఈసెట్ రాసింది. పాలిటెక్నిక్ వాళ్ళతోబాటు బి.యస్సీ. లెక్కలవాళ్ళు కూడా ఆ పరీక్ష రాసి, ఇంజినీరింగులో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చునట. చేరింది, అదీ సివిల్లో. మూడేళ్ళు చదివి, కాలవలూ వంతెనలూ కట్టే ఒక కంపెనీలో గ్రాడ్యుయేట్ ట్రెయినీగా ఆర్డరు తెచ్చుకుంది.

మా వదిన ఫోన్లో ఒకటే గోల. "సదివిన సదువేంది, సేసే పనేంది? నీడపట్టున కూసోని పాఠాలు చెప్పుకోక, ఎండలో ఈ సిమెంటూ ఇసకా ఏందమ్మా? నువ్వన్నా చెప్పు, నీ మాటైతే వింటాది" అంది. చెప్పాను. అయితే పిల్లకు కాదు, మా వదినకే. నేను చెప్పింది పోరుమామిళ్ళ చెరువు సంగతి.

కడప జిల్లాలో పోరుమామిళ్ళ పక్కన పెద్ద చెరువొకటి ఉంది. దాని అసలు పేరు అనంతరాజ సాగరం. బుక్కరాయల కొడుకు భాస్కరుడు (భవదూరుడని ఇంకో పేరు) ఉదయగిరి నుంచి ఈ సీమను ఏలుతూ, దాన్ని కట్టించాడు. శక సంవత్సరం 1291, అంటే క్రీస్తు శకం 1369లో, ఆ ముచ్చటంతా రెండు రాతి పలకల మీద చెక్కించాడు. మామూలుగా శాసనాల్లో రాజుగారి బిరుదులూ, దానాల జాబితాలే ఎక్కువ కదా! ఈ శాసనంలో మాత్రం చెరువు కట్టడానికి ఏమేం కావాలో పన్నెండు అంగాలుగా లెక్కపెట్టి చెప్పారు.

మొదటిది ధర్మబుద్ధీ, ధనమూ, కీర్తి మీద ఆశా ఉన్న రాజు. రెండోది జలశాస్త్రం తెలిసిన పండితుడు. ఆ తరవాత గట్టి బంకమట్టి నేల, మూడు యోజనాల దూరంలో తియ్యటి నీళ్ళ నది, రెండు పక్కలా ఆనుకునే కొండ, ఆ కొండల నడుమ మరీ పొడవు కాని రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, పొడుగాటి తిన్నని రాళ్ళు దొరికే గని, దగ్గరలో చదునైన సారవంతమైన పొలాలు, ఇలా సాగి, చివరగా పన్నెండోది - కట్టడం పనిలో చెయ్యి తిరిగిన మనుషుల జట్టు.

చూశారా! నాకు ఇది అచ్చం ఉద్యోగ ప్రకటనలా కనిపిస్తుంది. పన్నెండింటిలో పుస్తకాల చదువు ఒక్కటే, చేతి పని ఒక్కటే. తక్కినవాటిలో చాలాభాగం మట్టి ఎరగడం, రాయి ఎరగడం, నది నడక ఎరగడం, పొలం ఎరగడం. ఇవన్నీ ఒక్క మనిషికి ఒక్క బడిలో రావు. తలా ఒక దారిన వచ్చినవాళ్ళు కలిస్తేనే చెరువు.

అంగాలు చెప్పి ఊరుకోలేదు. దోషాలు కూడా ఆరు చెప్పారు. కట్ట నుంచి నీళ్ళు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై తడపవలసిన పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం. ఇంకొకటి రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం! ఈ ఆఖరు ముక్క తుంగభద్ర నీళ్ళ తగాదాలు పేపర్లో చదివే మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

రాయలసీమ 1800లో కంపెనీ దొరల చేతికి వచ్చాక, మన కట్టడాల చదువు మద్రాసు చేరింది. అక్కడ 1794లో ఎనిమిదిమంది పిల్లలతో సర్వే బడి పెట్టిన మైకేల్ టాపింగ్ ఎవరనుకున్నారు? సముద్ర తీరాలు కొలిచే సర్వేయరు. ఆయన తరవాత దాన్ని చూసిన జాన్ గోల్డింగ్‌హామ్ నక్షత్రశాలలో చుక్కలు లెక్కపెట్టే పండితుడు. మద్రాసులో రాజాజీ హాలని మనం పిలిచే భవనం ఆయన కట్టించిందే. చుక్కల దూరం కొలిచే లెక్కే గోడ ఎత్తుకూ పనికొచ్చింది! ఆ సర్వే బడే పెరిగి పెరిగి గిండీ ఇంజినీరింగ్ కాలేజీ అయింది.

ఆ కాలేజీలో 1940లో ఒక తెలుగమ్మాయి అడుగుపెట్టింది. అయ్యలసోమయాజుల లలిత. పదిహేనో ఏట పెళ్ళి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, ఒళ్ళో నాలుగు నెలల పాప. డాక్టరీ చదివితే అర్ధరాత్రి పిలుపు వస్తే పసిపిల్లను వదిలి పోవాలి కదా అని, తండ్రి పాఠాలు చెప్పే గిండీలోనే ఎలక్ట్రికల్ ఇంజినీరింగులో చేరింది. ఆమె వెనకే తెరేసియా, లీలమ్మ జార్జి అనే మలయాళీ అమ్మాయిలు సివిల్లో చేరారు. డిగ్రీ పట్టా మీద "అతడు" అని అచ్చువేసి ఉంటే, దాన్ని కొట్టేసి "ఆమె" అని రాసి ఇచ్చారట. ఆ లలితగారే తరవాత కలకత్తాలో పనిచేస్తూ భాక్రా నంగల్ విద్యుత్తు లైన్లకు డిజైన్లు వేసింది. ఒళ్ళో పాపతో దారి వెతుక్కున్న మనిషిని "అక్కడ దొరక్క ఇక్కడ చేరింది" అనగలమా?

అయితే దారి మారినవాళ్ళందరూ నెగ్గారని అనను. మన కర్నూలు-కడప కాలవ కథ వినండి. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ, సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, దాదాపు 190 మైళ్ళ కాలవ తవ్వింది. కర్నూల్లో హంద్రీ నది మీదుగా కాలవను దాటించారు. పడవలు కూడా నడిపారు. పది లక్షల పౌన్ల పెట్టుబడికి నూటికి అయిదు వంతున వడ్డీకి ప్రభుత్వమే పూచీ. రాజు పూచీ, శాస్త్రం, రాయి, కూలీల జట్టు - అన్నీ ఉన్నాయి. కాలవ పారింది, డబ్బు పారలేదు. నల్లరేగడి రైతు వాన చినుకుతోనే జొన్నా పత్తీ పండించుకునేవాడు. నీరుపెట్టి వరి వేయమంటే వెంటనే ఒప్పుకుంటాడా? కరువొచ్చిన ఏడు కాలవకు ఎగబడడం, వాన పడ్డ ఏడు ముఖం తిప్పుకోవడం. చివరకు 1882లో కంపెనీ నుంచి కాలవను ప్రభుత్వమే కొనుక్కోవలసి వచ్చింది. పోరుమామిళ్ళ రాతి మీద లేని పదమూడో అంగం ఇదేననిపిస్తుంది నాకు. రైతు మనసు.

ఇది చెప్పి మా వదినతో అన్నాను: "నీ కూతురు నల్లరేగడిలో పుట్టింది. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి, మీ ఇంటి గోడను ఎన్నిసార్లు చీల్చిందో చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. లెక్కలు వచ్చు, మట్టి తెలుసు, రైతు తెలుసు. మూడు అంగాలు ఇంటి నుంచే తీసుకుపోతోంది. తక్కినవి మేస్త్రి దగ్గర నేర్చుకోనీ." వదిన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఎండకు టోపీ అన్నా పెట్టుకుంటాదా?" అంది. ఒప్పుకున్నట్టే!

ఏ చదువు చదివినా, దారి మార్చదలచిన అమ్మాయిలకు నేను చెప్పేది కూడా అంతే. పాత చదువు పారేసి రావద్దు, వెంట తెచ్చుకోండి. కొత్త పని దగ్గర మాత్రం పొగరు లేకుండా కూర్చోండి. వచ్చింది ఎంతో, రానిది ఎంతో తేల్చుకున్నవాళ్ళకే పని పట్టుబడుతుంది.

ఆ శాసనంలో ఇంకో మాట ఉంది. రోజుకు వెయ్యిమంది మనుషులు, రాళ్ళు మోసే వంద బండ్లు, రెండేళ్ళ పని. ఆ వెయ్యిమందిలో ఎందరు నాగలి వదిలి వచ్చారో, ఎందరు మగ్గం వదిలి వచ్చారో ఎవరు రాశారు? చెరువు మాత్రం ఆరువందల యాభై ఏళ్ళు దాటినా ఉంది. కట్టినవాళ్ళు అంతకుముందు ఏం చేసేవాళ్ళని ఆ కట్ట ఎవర్నీ అడగలేదు. కట్ట నిలిచిందా లేదా, అదే లెక్క.