లుఖ్మా ఇచ్చే మెమరీ

తరావీహ్‌లో హాఫిజ్ సాబ్ ఏదైనా ఆయత్ దగ్గర ఆగిపోతే, వెనక సఫ్‌లో నిలబడ్డ సామే వెంటనే లుఖ్మా ఇస్తాడు. హాఫిజ్ సాబ్ దాన్ని అందుకుని ముందుకు సాగుతారు. ఇందులో ఎవరికీ బేఇజ్జతీ లేదు. ఎంత పక్కా హాఫిజ్‌కైనా వెనక సామే ఉండాల్సిందే, ఎందుకంటే మనిషి యాద్దాష్త్‌కు భూల్ సహజం. కంప్యూటర్ యాద్దాష్త్‌కూ అంతే. దాని తారీఖ్ చదువుతుంటే నాకు పదే పదే మన హిఫ్జ్ రివాయతే గుర్తొచ్చింది.

కథ 1947లో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలవుతుంది. రిచర్డ్ హ్యామింగ్ అనే గణిత శాస్త్రవేత్త అక్కడి రిలే కంప్యూటర్‌ను శని, ఆదివారాల్లో వాడుకునేవాడు. లెక్కలో గలతీ జరిగితే ఆ యంత్రం పసిగట్టేది. కానీ సెలవు రోజుల్లో సరిచేసేవాళ్లు ఉండరు గనుక ఆ పనిని వదిలేసి తర్వాతి పనికి వెళ్లిపోయేది. సోమవారం వచ్చి చూస్తే హ్యామింగ్ లెక్క అలాగే పడి ఉండేది. గలతీ జరిగిందని తెలుసుకోగలిగే యంత్రం, ఎక్కడ జరిగిందో ఎందుకు తెలుసుకోలేదు? ఆ చిరాకు నుంచి పుట్టిన జవాబును ఆయన 1950లో అచ్చువేశాడు.

ఆ తర్కీబ్ సాదా మాటల్లో ఇది. కంప్యూటర్‌లో ప్రతిదీ సున్నాలు, ఒకట్లు. నాలుగు అంకెలు దాచాలంటే వాటితో పాటు మరో మూడు గవాహ్ అంకెలు పెడతాం. ఒక్కో గవాహ్ వేర్వేరు గుంపును కాపలా కాస్తుంది. ఏ అంకె తిరగబడినా, ఏయే గవాహ్‌లు అభ్యంతరం చెప్పాయో చూస్తే తప్పు జాగా తెలిసిపోతుంది. సున్నాను ఒకటి చేస్తే, ఒకటిని సున్నా చేస్తే ఇస్లాహ్ పూర్తి. తర్వాతి కాలంలో 64 అంకెలకు 8 గవాహ్‌లు పెట్టడం సర్వర్లలో రివాజ్ అయింది. ఒక తప్పు జరిగితే సరిచేస్తుంది. రెండు జరిగితే సరిచేయలేదు గానీ, ఖబర్దార్ అని చెబుతుంది.

1966లో ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ డీర్యామ్ మెమరీని ఆలోచించాడు. ఇందులో ప్రతి అంకె ఒక చిన్న విద్యుత్ చార్జ్. అది నెమ్మదిగా కారిపోతుంది. అందుకే సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపు మెమరీ మొత్తాన్ని ఒకసారి చదివి మళ్లీ రాయాలి. దౌర్ మానేసిన హాఫిజ్ గతే దీనికీ పడుతుంది.

1970ల చివర్లో ఒక అజీబ్ ఖరాబీ బయటపడింది. చిప్ బాగానే ఉంది, అయినా అంకెలు తిరగబడుతున్నాయి. ఇంటెల్‌లో తిమోతీ మే, మర్రే వుడ్స్ తహ్‌కీక్ చేసి 1978లో కారణం చెప్పారు. చిప్‌ను మూసే సిరామిక్ డబ్బాలోనే యురేనియం, థోరియం జాడలు ఉన్నాయి. వాటి నుంచి వచ్చే ఆల్ఫా కణాలు చార్జ్‌ను చెదరగొడుతున్నాయి. హిఫాజత్ కోసం వేసిన గిలాఫే నుఖ్సాన్ చేసిందన్నమాట.

2013లో హెచ్‌బీఎం అనే మెమరీకి ప్రమాణం వచ్చింది. 2015లో ఏఎండీ దాన్ని గ్రాఫిక్స్ కార్డులో పెట్టింది. ఇందులో మెమరీ చిప్‌లను మంజిల్ మీద మంజిల్‌లా పేర్చి, సిలికాన్ గుండా రంధ్రాలు వేసి వాటిలోని లోహపు తీగలతో కలుపుతారు. వేగం పెరిగింది, ముసీబతులూ పెరిగాయి. అంతస్తుల మధ్య వేడి చిక్కుకుంటుంది, వేడికి చార్జ్ ఇంకా త్వరగా కారుతుంది. పైగా పాత కంప్యూటర్‌లోలా ర్యామ్ ముక్క పీకి కొత్తది పెట్టే వీలు లేదు. ప్రాసెసర్ పక్కనే ఒకే ప్యాకేజీలో అతికించి ఉంటుంది.

అందుకే మరమ్మతు ఇంతెజామ్ లోపలే ఉంచారు. కొన్ని వరసలు, కొన్ని దారులు ఫాల్తూగా పెడతారు. ఒక వరస చెడితే దాని అడ్రసును ఫాల్తూ వరసకు మళ్లిస్తారు. కరెంటు పోతే చెరిగిపోయే ఆర్జీ మళ్లింపు ఒకటి, శాశ్వతంగా ముద్రపడే పక్కా మళ్లింపు ఒకటి. 2022లో వచ్చిన హెచ్‌బీఎం3లో గవాహ్ అంకెల లెక్క చిప్ లోపలే జరుగుతుంది.

ఇంత ఎహతియాత్ తర్వాత కూడా? 2024లో మెటా తన లామా 3 మోడల్ తయారీ లెక్కలు బయటపెట్టింది. 16,384 జీపీయూలు, 54 రోజులు. అనుకోకుండా పని ఆగిన సందర్భాలు 419. అందులో 72 సార్లు కారణం హెచ్‌బీఎం3 మెమరీయే.

పని ఆగడం నిజానికి పెద్ద ముసీబత్ కాదు. ఆగిందంటే గలతీ పట్టుబడింది. భయపడాల్సింది పట్టుబడని గలతీకి. ఒకేసారి మూడు అంకెలు తిరగబడితే గవాహ్‌లు ధోఖా తిని, తప్పునే సహీ అని ఒప్పుకోవచ్చు.

యమామా జంగ్‌లో ఎందరో హాఫిజ్‌లు షహీద్ అయినప్పుడు, ఖురాన్‌లో చాలా భాగం పోతుందేమోనని హజ్రత్ ఉమర్ (రజి.) ఫిక్ర్ పడ్డారు. ఆయన మష్వరాతో హజ్రత్ అబూబక్ర్ (రజి.) ఖురాన్‌ను ఒకచోట చేర్చే జిమ్మేదారీ హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి.)కు అప్పగించారు. జైద్ స్వయంగా హాఫిజ్. అయినా తన యాద్దాష్త్ ఒక్కదాని మీదే భరోసా పెట్టుకోలేదు. ఖర్జూర మట్టల మీద, పల్చని రాళ్ల మీద రాసినవీ, మనుషుల గుండెల్లో ఉన్నవీ వెతికి పోల్చి చూశారు.

మన పిల్లలు ఇప్పుడు మస్లాలు కూడా ఏఐని అడుగుతున్నారు. వాళ్లకు నేను చెప్పే ఫరఖ్ ఒకటే. హ్యామింగ్ గవాహ్‌లు అమానత్‌ను మాత్రమే కాస్తాయి. అప్పగించిన అంకె అలాగే తిరిగొచ్చిందా లేదా అన్నదే వాటి పని. అప్పగించినది హఖ్ అవునా కాదా అన్నది వాటికి తెలియదు. ఝూట్ దాచిపెడితే ఝూట్‌నే ఎంతో దియానత్‌తో తిరిగిస్తాయి. ఆ తహ్‌కీక్ మాత్రం మన జిమ్మే.