గరిటె (తిండి చరిత్ర – 7)

మొన్న ఆదివారం హైదరాబాద్‌లో ఒక సౌత్ ఇండియన్ రెస్టారెంట్‌కు అమ్మను బఫే భోజనానికి తీసుకెళ్లాను. పప్పు, సాంబారు, పులిహోర వరసగా ఉన్నాయి. అమ్మ ప్లేటు పట్టుకుని నిలబడిపోయింది. "ఎవలన్న వడ్డిస్తరేమో, ఆగు బిడ్డా" అంది. చిన్నప్పుడు మా ఊరి హోటల్లో ఆమెకు టీ పైనుంచి పోసేవాళ్లు. తాగిన గ్లాసు తనే కడిగి విడిగా పెట్టాలి.

అప్పటికే అది నేరం. రాజ్యాంగం 15(2) అధికరణ కులం పేరుతో ఎవరినీ హోటల్లోకి రానివ్వకుండా ఆపకూడదంది. 1955 అస్పృశ్యత నేరాల చట్టం, హోటల్లో అందరి కోసం పెట్టిన పాత్రలు వాడనివ్వకపోవడాన్ని కూడా శిక్షార్హం చేసింది. గిన్నెలూ గ్లాసుల గురించి కూడా చట్టం రాయాల్సి వచ్చిందంటే అంటరానితనం ఎక్కడ కాపురముందో ఆలోచించండి. ఆ తర్వాత రెండేళ్లకు, 1957లో, మద్రాసులో ఒక హోటల్ బోర్డు మీది 'బ్రాహ్మణ' అన్న మాట తీసేయాలని పెరియార్ ఉద్యమం నడపాల్సి వచ్చింది.

బఫేను కొందరు ఫ్యాషన్ అంటారు. నాకది ఒకే గరిటె అందరి చేతులూ మారే చోటు. అమ్మ చేతికి గరిటె ఇచ్చాను. పప్పు వేసుకుంది. వెనకున్నాయన అదే గరిటె అందుకున్నాడు. అమ్మ అతని చేతి వంకే చూసింది.

కానీ ఆ వరసలో మా ఇంటి కూర ఒక్కటీ లేదు. 'సౌత్ ఇండియన్' అంటే ఎవరి వంటిల్లు? వచ్చే వారం మాట్లాడుకుందాం. జై భీమ్.