అరవై అయిదేండ్లకు వేసిన దారులు

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపు పెరిగినవాళ్లకు కంపెనీ ఊరంటే ఏమిటో విడమరచి చెప్పాల్సిన పనిలేదు. బొగ్గు బావి తెరిస్తే క్వార్టర్లు లేస్తాయి. క్వార్టర్ల వెంట ఆసుపత్రి, బడి, కూరగాయల అంగడి, సినిమా టాకీసు వస్తాయి. షిఫ్టు సైరన్‌తోనే ఊరు లేస్తుంది, సైరన్‌తోనే పడుకుంటుంది. ఉద్యోగం అయిపోయిన రోజు శాలువా కప్పి, దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తారు. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేసి తాళంచెవి అప్పజెప్పాలి. మా బాపు అట్లాగే అప్పజెప్పాడు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు, ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. బావులు మూతపడ్డకొద్దీ బెల్లంపల్లిలాంటి ఊళ్లు ఎట్లా చిక్కిపోయాయో మనం కళ్లారా చూశాం.

నేనిప్పుడు ఉండేది అమెరికాలో, ఫ్లారిడా రాష్ట్రం నడిమధ్యన, లీస్‌బర్గ్ అనే చిన్న పట్నంలో. మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా పని. మా పక్కన ఒక కంపెనీ ఊరుంది. మన కంపెనీ ఊళ్లలో మనిషి బతుకు ఎక్కడ ముగిసిపోతుందో, ఇక్కడ అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ ఊళ్లో ఉండాలంటే ఇంట్లో కనీసం ఒక్కరికైనా 55 ఏండ్లు నిండి ఉండాలి. నూటికి ఎనభై ఇండ్లలో ఈ నియమం పాటిస్తే చాలునని దేశ చట్టం. ఊరి పేరు ది విలేజెస్. దీని ఇండ్లు మూడు కౌంటీల్లో పరుచుకొని ఉన్నా, ఎక్కువ భాగం సమ్టర్ కౌంటీలోనే. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదనుకోండి. ఆ కౌంటీలో 2010 జనగణన నాటికి 93,420 మంది ఉంటే 2020 నాటికి 1,29,752 మంది అయ్యారు. పదేండ్లలో 39 శాతం. ఆ దశాబ్దంలో అమెరికా మొత్తంలో ఇంత వేగంగా పెరిగిన నగర ప్రాంతం ఇంకొకటి లేదు. పిల్లలు పుట్టి పెరిగిన జనాభా కాదిది, పెట్టెలు సర్దుకొని వచ్చి చేరిన జనాభా. అక్కడి మనుషులను వయసు వరుసలో నిలబెడితే నట్టనడుమ నిలబడే మనిషికి దాదాపు 68 ఏండ్లుంటాయి.

ముసలితనానికి ప్రత్యేకంగా ఊరు కట్టాలన్న ఆలోచన ఈ దేశానికి మొదటినుంచీ లేదు. మనలాగే ఇక్కడా ముసలివాళ్లు కొడుకు దగ్గరో, బిడ్డ దగ్గరో గడిపేవాళ్లు. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చి 65 ఏండ్లు దాటినవాళ్లకు నెలనెలా పైసలు వచ్చే ఏర్పాటు చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్ల ఫ్యాక్టరీల్లో, ఉక్కు మిల్లుల్లో యూనియన్లు పోరాడి పింఛన్లు సాధించుకున్నాయి. 1956 చట్టంతో దేశమంతటా పెద్ద హైవేలు మొదలయ్యాయి. 1965లో మెడికేర్ వచ్చింది, పెద్దవాళ్ల దవాఖాన ఖర్చు చాలావరకు సర్కారు మీదికి పోయింది. ఏసీలు ఇంటింటికీ చేరాక ఎండల రాష్ట్రాలు బతకదగ్గవయ్యాయి. చేతిలో పింఛను, ఇంటి ముందర కారు, మంచు తవ్వి తవ్వి విసిగిన నడుము. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వాళ్లు దక్షిణానికి దారి పట్టడానికి ఇవి చాలు.

అరిజోనాలో డెల్ వెబ్ అనే కాంట్రాక్టరు 1960 జనవరి 1న సన్ సిటీ తలుపులు తెరిచాడు. అయిదు నమూనా ఇండ్లు, ఒక గోల్ఫ్ మైదానం, ఒక అంగడి. పదివేల మంది వస్తారనుకుంటే ఆ వారాంతంలో లక్ష మంది వచ్చారు. పనికి దూరమైన మనిషికి ఆటపాటల బతుకు అమ్మవచ్చునని ఆ రోజుతో దేశానికంతా తెలిసిపోయింది.

ఫ్లారిడా కథ మాత్రం ఇంకా మొరటుగా మొదలైంది. హెరాల్డ్ స్వార్ట్జ్ అనే మిషిగన్ వ్యాపారి 1960లలో ఇక్కడి జాగలను టపా ద్వారా అమ్మేవాడు. కొనేవాడు నేలను చూసే పనే లేదు. ఇట్లాంటి అమ్మకాల్లో మోసపోయినవాళ్లు ఎక్కువై 1968లో కేంద్ర సర్కారు చట్టం తెచ్చి కట్టడి చేసింది. అమ్ముడుపోని నేల మిగిలిపోయింది. లేడీ లేక్ అనే ఊరి దగ్గర, ఆ జాగలో 1970లలో ఆరెంజ్ బ్లాసమ్ గార్డెన్స్ పేరుతో రేకుల ఇండ్లలాంటి మొబైల్ ఇండ్ల పార్కు పెట్టారు. పదేండ్లలో అమ్మింది నాలుగు వందల ఇండ్లు. సన్ సిటీలో ఉన్న తోబుట్టువును చూడబోయిన స్వార్ట్జ్, అక్కడి మైదానాలు, క్లబ్బులు చూసి వచ్చి, భాగస్వామి వాటా కొనేసి, 1983లో కొడుకు గ్యారీ మోర్స్‌ను పిలిపించుకున్నాడు. ఇల్లు కొన్నవాళ్లకు చిన్న గోల్ఫ్ మైదానాల్లో ఆట బతికినన్నాళ్లూ ఉచితమని తండ్రీకొడుకులు ప్రకటించారు. 1992లో ఊరికి ఇప్పటి పేరు పెట్టారు. తండ్రి 2003లో, కొడుకు 2014లో పోయారు. ఊరు ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే పెరుగుతోంది.

ఇక నేను రాయాలని కూర్చున్న సంగతి దారులు. ఆ మొదటి పార్కు 27/441 నంబరు హైవేకు రెండు వైపులా పడింది. అటు ఇల్లు, ఇటు ఆట, నడుమ లారీలు. అందుకని కంపెనీ హైవే మీదుగా గోల్ఫ్ కార్టుల కోసమే ఒక వంతెన కట్టింది. గోల్ఫ్ కార్టంటే ఆటగాళ్లు మైదానంలో తిరిగే చిన్న బండి, గంటకు 20 మైళ్లు దాటదు. వంతెన వచ్చాక ఆ బండి మైదానం వదిలి అంగడికి వచ్చింది, బ్యాంకుకు వచ్చింది, చర్చికి వచ్చింది. అంగళ్లు కూడా ఆ బండ్లకు సరిపోయేట్టు చిన్న పార్కింగు గీతలు గీసుకున్నాయి. ఊరు దక్షిణానికి జరిగినకొద్దీ కారు రోడ్డుకు పక్కగా వేరే బాట, పెద్ద రోడ్ల కింద సొరంగాలు, సుంకం కట్టి పోయే టర్న్‌పైక్ హైవే మీద మరో వంతెన వచ్చాయి. ఇప్పుడా బాటలు నూరు మైళ్లకు పైమాటే. 2005 సెప్టెంబరులో ఇక్కడ 3,321 కార్టులు వరుస కట్టి ఊరేగి గిన్నిస్ రికార్డు కొట్టాయి.

మా దుకాణం మందుల కిటికీ దగ్గర నిలబడితే ఆ బండ్లను తీరిగ్గా చూడవచ్చు. వానకు దించుకునే ప్లాస్టిక్ తెరలు, జిప్పు తీస్తే బయటికి వచ్చే చెయ్యి, ముందు బుట్టలో కుక్కపిల్ల. వెనక, గోల్ఫ్ కర్రల సంచి కట్టే పట్టీలతో మడిచిన వాకర్‌ను బిగించుకొని వస్తారు చాలామంది. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి, కారు ఎక్కలేని మనిషి, ఆ తక్కువ ఎత్తు బండిలో ఒంటరిగా వచ్చి బీపీ మాత్రలు తీసుకొని, పావుగంట ముచ్చట పెట్టి పోతుంది. అడుక్కోకుండా, ఎవరి కొడుకు సెలవుకూ ఎదురుచూడకుండా. ఇది చిన్న విషయం కాదు. ఈ ఊరు చేసిన మంచి పనుల్లో దీన్ని నేను అన్నిటికన్నా ముందు పెడతాను.

ఇది ఎట్లా సాధ్యమైందంటే, ఇండ్లకన్నా ముందు దారులు వేశారు. ఫ్లారిడాలో 1980 నాటి ఒక చట్టం ప్రకారం, భూమి అభివృద్ధి చేసే కంపెనీ తన భూమికి ఒక ప్రత్యేక స్థానిక పాలన ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ పాలన బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది. ఆ అప్పుతో రోడ్లు, చెరువులు, మురుగు కాలువలు, కార్టు బాటలు వేస్తారు. ఇల్లు కొన్నవాళ్లు ఏండ్ల తరబడి ఆ బాకీ తీరుస్తారు. మొదట్లో ఓట్లు ఎకరాల లెక్కన కాబట్టి పాలనలో కంపెనీ మనుషులే కూర్చుంటారు. నివాసుల ఓటు తర్వాత వస్తుంది, అదీ ఇండ్లున్న భాగాల్లో. అంగళ్లున్న నడిబొడ్డు మాత్రం భూమి ఉన్నవాళ్ల చేతిలోనే ఉండిపోతుంది. నిర్ణయం ఒక్క చోట ఉంది కాబట్టి పని చకచకా జరిగింది. ఆ నిర్ణయంలో తమ మాట లేదని బాధపడే నివాసులూ ఉన్నారు, వాళ్ల బాధ న్యాయమైనదే.

ఆ బాధ 2019లో బయటపడింది. కొత్త జనానికి రోడ్లు కావాలని కౌంటీ పాలకమండలి ఆస్తిపన్నును ఒక్కసారిగా 25 శాతం పెంచింది. కట్టేది కంపెనీ, లాభం కంపెనీది, రోడ్డు ఖర్చు మాకెందుకని పెద్దవాళ్లు సభలకు కదిలివచ్చారు. 2020లో పన్ను పెంచినవాళ్లలో ముగ్గురిని ఓడించారు. గెలిచినవాళ్లు ఆ భారాన్ని కొత్త ఇండ్లు కట్టేవాళ్ల మీదికి మళ్లించబోతే, 2021లో రాష్ట్ర శాసనసభ అట్లాంటి రుసుములు ఎంతవరకు పెంచవచ్చో హద్దు గీసేసింది. వైల్డ్‌వుడ్ నుంచి టర్న్‌పైక్‌ను ఉత్తరానికి పొడిగించాలన్న ప్రతిపాదన కూడా పల్లెల జనం వ్యతిరేకించాక 2022లో ఆగిపోయింది. ఈ వైల్డ్‌వుడ్ ఒకప్పుడు మన కాజీపేటలా రైల్వే వాళ్ల ఊరు. ఆఖరి ప్రయాణికుల రైలు 2004లో ఆగిపోయింది. పట్టాలున్నాయి, గూడ్సు బండ్లు పోతూనే ఉన్నాయి. లక్షన్నర మంది పెద్దవాళ్ల పక్కనుంచి పోయే ఆ పట్టాల మీద మనిషి ఎక్కే పెట్టె ఒక్కటీ లేదు. నాకు ఇది మింగుడుపడదు.

ఎందుకంటే ఈ ఊళ్లో దారులన్నీ అరవై అయిదేండ్ల మనిషి కోసం వేసినవి. ఊరికి ఎనభై అయిదు రాబోతున్నాయి. 1946 నుంచి 1964 దాకా పుట్టిన పెద్ద తరం అంతా 2030 నాటికి 65 దాటుతుంది. ముందు వచ్చినవాళ్లు అప్పటికి ఎనభైల్లో, తొంభైల్లో ఉంటారు. ఈ రాష్ట్రంలో ఎనభై దాటితే లైసెన్సు ఆరేండ్లకోసారి కంటి పరీక్షతో తిరిగి రాయించుకోవాలి. కన్ను ఆనకపోతే కారు పోతుంది. కార్టు తోలేందుకు చెయ్యి వణకకూడదు, మలుపులో బండి ఒరిగితే పడిపోకుండా పట్టుకోగలగాలి. భర్తే తోలేవాడు, ఆయన పోయాడు, ఇక మందులు ఇంటికి పంపగలరా అని ఫోన్ చేసే ఆడవాళ్ల గొంతులు నాకు బాగా తెలుసు. కౌంటీ నడిపే చిన్న బస్సుంది, ముందుగా చెప్పి పెట్టుకుంటే ఇంటికి వస్తుంది. ఊరి పెరుగుదల ముందు అది ఏ మూలకు?

ఇంకో సంగతి. పెద్దవాళ్ల ఇంటికి నర్సు రావాలి, వంటమనిషి రావాలి, గడ్డి కోసేవాడు రావాలి. వాళ్ల వయసు 55 నిండలేదు కాబట్టి వాళ్ల ఇండ్లు ఊరి బయట, ఒక్కోసారి గంట దూరంలో. తెల్లవారుజామున దక్షిణం నుంచి వచ్చే కార్ల వరుస వాళ్లదే. ఈ మధ్య పనివాళ్ల కుటుంబాల కోసం మిడిల్‌టన్ అని పక్కనే మరో ఊరు కంపెనీయే కడుతోంది. ముసలివాళ్లు మాత్రమే ఉండే ఊరు ఒంటరిగా నడవదని దానితో ఒప్పుకున్నట్టే.

డ్రైవర్ లేని కార్లు ఈ లోటు తీరుస్తాయని 2018లో చాలా ఆశపడ్డారు. వాయేజ్ అనే చిన్న కంపెనీ వచ్చి, ఇక్కడి 750 మైళ్ల రోడ్ల మీద తనంతట తాను నడిచే టాక్సీ తెస్తానంది. వేగం తక్కువ, మంచు లేదు, తోలలేని జనం బోలెడు. ఇంతకన్నా తగిన చోటు దొరకదు. 2021లో ఆ కంపెనీని జనరల్ మోటార్స్‌వాళ్ల క్రూజ్ కొనేసింది, క్రూజ్ టాక్సీల పనిని 2024 చివర్లో జనరల్ మోటార్స్ నిలిపేసింది. పెద్ద నగరాల్లో వేరే కంపెనీల బండ్లు ఇప్పుడు నిజంగానే డ్రైవర్ లేకుండా తిరుగుతున్నాయి. అన్నిటికన్నా అవసరమున్న చోటికి అవి ఇంకా రాలేదు.

మా అవ్వ ఇక్కడికి వచ్చినప్పుడు కిటికీ దగ్గర కూర్చొని అడిగింది: "ఇంత మంచి రోడ్డున్నది, బస్సెప్పుడొస్తదిరా?"

"ఈడికి బస్సు రాదే అవ్వా."

"మరి కారు తోలరానోళ్లు ఎట్ల బతుకుతర్రా?"

అమెరికా పట్నాల శివార్లలో కొడుకుల దగ్గరుండే మన తల్లిదండ్రులందరిదీ ఇదే ప్రశ్న. ఇక్కడికి దగ్గర్లోని టవారెస్‌లో ఇగ్గీ ఇగ్నేషియస్ అనే ప్రవాసి మనవాళ్ల కోసం శాంతినికేతన్ అనే చిన్న రిటైర్‌మెంట్ కాలనీ కట్టాడు. అక్కడ భోజనశాల, పూజామందిరం, తోటివాళ్లు అన్నీ నడిచిపోయే దూరంలోనే. పెద్ద ఊరు బండితో సాధించింది చిన్న కాలనీ దగ్గరితనంతో సాధించింది. ఎనభై అయిదేండ్ల మనిషికి రెండోదే నయం.

మన దగ్గర ఎవరూ ఇట్లాంటి ఊరు కట్టలేదు, కానీ అవి తయారయ్యాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల ఎన్ని పల్లెల్లో పిల్లలు దుబాయ్, మస్కట్ పోయి ముసలివాళ్లే మిగిలారు? సింగరేణి నుంచి దిగిపోయినవాళ్లు మంచిర్యాలలో, కరీంనగర్‌లో ఇండ్లు కట్టుకొని ఒక్కో వాడను రిటైర్‌మెంట్ కాలనీ చేశారు. 2050 నాటికి దేశంలో ప్రతి అయిదుగురిలో ఒకరు అరవై దాటినవాళ్లని ఐక్యరాజ్యసమితి అంచనా. ఇక్కడ ఇండ్లకన్నా ముందు దారి వచ్చింది. మనకు పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ రైలు 1990లలో మొదలై 2017లో గానీ పూర్తికాలేదు. కానీ ఇక్కడ లేనిది మనకొకటి ఉంది: ఊరూరికీ పోయే ఆర్టీసీ బస్సు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు టికెట్టు కూడా లేదు.

టికెట్టు పోయింది, మెట్టు మిగిలింది. పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు మా అవ్వ మోకాలి ఎత్తు. కండక్టరు చెయ్యి పట్టి లాగితే గానీ ఎక్కలేదు, దిగేటప్పుడు వెనక్కి తిరిగి కడ్డీ పట్టుకొని దిగుతుంది. కరీంనగర్ డిపోకు 2024లో కరెంటు బస్సులు వచ్చాయి. ఇకముందు కొనేవాటిలో పెద్దాసుపత్రి మీదుగా పోయే రూట్లకు నేల ఎత్తు తగ్గించిన బస్సులు, వాటి స్టాపుల్లో ఆ నేలకు సమానంగా ఒక గద్దె, కూర్చోవడానికి ఒక నీడ అడగాలని నా విన్నపం. ఎమ్మెల్యేను అడగండి, డిపో మేనేజరును అడగండి, రిటైర్డ్ కార్మికుల సంఘాలతో అడిగించండి. జగిత్యాల, గోదావరిఖని రూట్లతో మొదలుపెట్టవచ్చు.